జానెడు నీటి లెక్క

తెలుగు తీరంలో చేపలు పట్టడాన్ని వేట అంటారు. నడిసముద్రంలో వేటకు వెళ్లే మరపడవ చేప ఎక్కడ దొరుకుతుందన్న ప్రశ్నతో బయలుదేరితే, పులికాట్ వంటి లోతులేని ఉప్పునీటి సరస్సులో వేటకు వెళ్లే నావ, ఈ పూట నీరు ఎక్కడ ఉంటుంది, ఎంతసేపు ఉంటుంది అన్న సంగతి తేలాకనే ఒడ్డు వదులుతుంది. సగటు లోతు మీటరుకు అటూఇటూగా మాత్రమే ఉండే ఈ సరస్సులో జానెడు నీరు పెరిగినా తగ్గినా పడవ దారి, వాడే వల, దొరికే చేప, ఇల్లు చేరే వేళ అన్నీ మారిపోతాయి కనుక, ఇక్కడ వేటకు ముందు వేసుకునే ప్రణాళిక చాలావరకు నీటి లెక్కే. చేప ఆ లెక్కలో చివరగా వచ్చి చేరే అంకె.

మన దేశంలో ఒడిశాలోని చిలికా తర్వాత ఇంత పెద్ద ఉప్పునీటి సరస్సు పులికాటే. భూగోళ శాస్త్రం ఇటువంటి జలాశయాన్ని లాగూన్ అంటుంది. సముద్రపు అలలు, ప్రవాహాలు తీరం వెంబడి ఇసుకను పోగుచేసి ఒక పొడవాటి దిబ్బను నిలబెట్టినప్పుడు, ఆ దిబ్బకూ అసలు నేలకూ మధ్య చిక్కుకుపోయిన నీరే లాగూన్. పులికాట్ విషయంలో ఆ దిబ్బ పేరు శ్రీహరికోట. 1971 నుంచి రాకెట్లు ఎగురుతున్న దీవి అదే. ఉత్తర దక్షిణాలుగా దాదాపు 60 కిలోమీటర్ల పొడవున సాగే సరస్సులో పెద్ద భాగం ఆంధ్రప్రదేశ్‌లో ఉండగా, దక్షిణపు కొస తమిళనాడులోని తిరువళ్లూరు జిల్లాలోకి వస్తుంది. ఆంధ్ర వైపు ఒడ్డున ఉన్న సూళ్లూరుపేట, తడ 2022 నాటి జిల్లాల పునర్విభజనతో నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాకు మారాయి. సరస్సు చుట్టుపక్కల తెలుగు పల్లెల్లో దీనికి ప్రళయకావేరి అన్న పాత పేరు ఉంది, స.వెం. రమేశ్ రాసిన ‘ప్రళయకావేరి కథలు’ చదివినవారికి ఆ పేరుతోపాటు అక్కడి మాట తీరు కూడా పరిచయమే.

ఈ సరస్సును అర్థం చేసుకోవాలంటే ముందుగా దాని మొగను అర్థం చేసుకోవాలి. ఏరుగానీ సరస్సుగానీ సముద్రంలో కలిసే చోటును జాలరులు మొగ అంటారు. పులికాట్‌కు దక్షిణాన పళవేర్కాడు దగ్గర తమిళనాడు వైపు ఒక మొగ ఉంది. ఉత్తరాన ఆంధ్ర వైపు రాయదొరువు వంటి చోట్ల ఉన్న మొగలు ఇసుకతో పూడుకుపోవడం, వాటిని తవ్వి తెరవాలని మత్స్యకారులు ఏళ్ల తరబడి కోరుతూ ఉండడం అందరికీ తెలిసిన విషయమే. తీరం వెంబడి కదిలే ఇసుక ప్రతి వేసవిలోనూ మొగను బిగించాలని చూస్తుంది; ఈశాన్య రుతుపవనాల వానలకు కాళంగి, ఆరణి నదులు, స్వర్ణముఖి పాయ మోసుకొచ్చే వరదనీరు లోపలినుంచి నెట్టి దాన్ని మళ్లీ వెడల్పు చేస్తుంది. ఈ పెనుగులాటలో ఏ ఏడాది ఎవరిది పైచేయి అయిందన్నదాన్ని బట్టే మరుసటి ఏడాది వేట ఉంటుంది. సరస్సు విస్తీర్ణంలో ఎక్కువ పాలు ఒక రాష్ట్రానిది కాగా, నికరంగా తెరిచి ఉండే మొగ, దాని చుట్టూ ఉండే లోతైన నీరు మరో రాష్ట్రానివి కావడంవల్లనే రెండు వైపుల జాలరుల మధ్య హద్దుల తగాదాలు ఎన్నడూ పూర్తిగా చల్లారవు. వాటిని కేవలం భాషల తగాదాగానో రాష్ట్రాల తగాదాగానో చూసేవారు నేల మీది గీతను చూస్తున్నారు తప్ప నీటి అడుగును చూడడం లేదు.

మొగకు ఇంత విలువ రావడానికి మరో కారణం, సరస్సులో పెరిగే జీవాల్లో ముఖ్యమైనవి అక్కడ పుట్టకపోవడం. తెల్లరొయ్య సముద్రంలో గుడ్లు పెడుతుంది; గుడ్లనుంచి వెలువడిన, కంటికి సరిగా ఆనని రొయ్యపిల్లలు పోటునీటితోపాటు మొగ దాటి సరస్సులోకి వచ్చి, గడ్డీ బురదా ఉన్న గోరువెచ్చని నీటిలో కొన్ని నెలలు మేసి, ఒక మోస్తరు పరిమాణానికి ఎదిగాక మళ్లీ ఆటునీటితో సముద్రపు దారి పడతాయి. కొయ్యంగి చేపదీ దాదాపు ఇదే కథ; గుడ్లతో ఉన్న ఆడ మండపీత కూడా వాటిని వదలడానికి సముద్రం వైపే వెళుతుంది. పండుగప్ప జీవితం ఇంకా విచిత్రంగా ఉంటుంది: ఈ చేప మొదట మగగా ఎదిగి, కొన్నేళ్ల తర్వాత ఆడగా మారుతుంది, కనుక బాగా పెద్దవైన పండుగప్పలు చాలావరకు ఆడవే. ఇలా సరస్సు జీవాలకు సముద్రంతో రాకపోకలు తప్పనిసరి కాబట్టి, మొగ సరిగా తెరవని ఏడు సరస్సులో నీరు నిండుగా కనిపించినా వల తేలికగానే తిరిగి వస్తుంది.

ఉప్పదనం కూడా ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. మామూలు సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. కార్తీక మార్గశిరాల వానలకు నదులు నిండుగా పారినప్పుడు సరస్సులోని నీరు కొన్నిచోట్ల దాదాపు మంచినీరంత చప్పగా మారితే, మే నెల ఎండల్లో మొగకు దూరంగా ఉన్న ఉత్తర భాగంలో నీరు ఆవిరైపోయి ఉప్పు మిగలడంతో అది లీటరుకు 50 గ్రాములు కూడా దాటుతుంది. అప్పటికి సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు సరస్సును అడ్డంగా దాటి వెళ్లే రహదారికి ఉత్తరాన చాలా మేర నీరే ఉండదు. జనవరిలో పక్షులు తేలిన చోట ఏప్రిల్ చివరికి నెర్రెలిచ్చిన బురద కనిపిస్తుంది. కొయ్యంగి, పాలబొంత, పండుగప్ప వంటివి ఉప్పు ఎక్కువైనా తక్కువైనా సర్దుకోగల చేపలు. ఒంట్లోకి చేరిన అదనపు ఉప్పును మొప్పల ద్వారా బయటికి పంపే ఏర్పాటు వాటికి ఉంది. అయితే ఆ పనికి శక్తి ఖర్చవుతుంది, పైగా వేడెక్కిన ఉప్పునీటిలో ప్రాణవాయువు తక్కువగా కరుగుతుంది, అందువల్ల వేసవి మధ్యాహ్నాల్లో చేప పలచని నీటిని వదిలి కాలువల్లోకి, మొగ దిక్కుకు జరుగుతుంది. వేసవి వేటను తెల్లవారుజామునో రాత్రిపూటో పెట్టుకోవడానికి మనిషికి తగిలే ఎండ ఒక్కటే కారణం కాదు.

మొగనూ ఉప్పదనాన్నీ కలిపి చూస్తే కాలాన్ని ఎంచుకోవడం తేలికవుతుంది. అక్టోబరు, నవంబరు, డిసెంబరు మొదటి సగం వానల కాలం, తుపాన్ల కాలం. 1984 నవంబరులో పెనుతుపాను తీరం దాటింది శ్రీహరికోట దగ్గరే. సరస్సుకు కొత్త నీరు పోసేది ఆ నెలలే అయినా బయటివారు వేటకు రావలసిన నెలలు మాత్రం అవి కావు. డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా నీరు నిండుగా, ఉప్పు మితంగా, ఎండ సౌమ్యంగా ఉంటుంది. మార్చి తర్వాత నీరు తగ్గేకొద్దీ చేప కాలువల్లో గుమిగూడుతుంది, కనుక చోటు తెలిసినవారికి అదీ మంచి కాలమే. తెలియనివారికి బురద దర్శనం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరమంతటా మరపడవలకు సముద్రంలో వేట నిషేధం ఉంటుంది. చేపలు గుడ్లు పెట్టే కాలమని పెట్టిన ఈ 61 రోజుల విరామంలో సముద్రపు చేప రాక తగ్గి, సరస్సు చేపకు ఒడ్డున గిరాకీ పెరుగుతుంది.

కాలం కుదిరాక రోజు, రోజు కుదిరాక వేళ. ఇక్కడ పంచాంగం పనికి వస్తుంది. నిజానికి రాహుకాలం కోసం పంచాంగం తిప్పేవారికంటే తిథి కోసం తిప్పే జాలరికి అది ఎక్కువ నికరమైన సమాచారం ఇస్తుంది. చంద్రుడి ఆకర్షణకు, కొంత సూర్యుడి ఆకర్షణకు సముద్రపు నీరు పొంగడాన్ని పోటు అనీ, తిరిగి తగ్గడాన్ని ఆటు అనీ అంటారు. మన తూర్పు తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు వస్తాయి. ఒక పోటు తారస్థాయికి చేరాక నీరు తీయడానికి ఆరు గంటలకు కాస్త పైన, మళ్లీ నిండడానికి మరో ఆరు గంటలకు కాస్త పైన పడుతుంది. సూర్యచంద్రులు ఒకే వరుసలోకి వచ్చే అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజుల్లో పోటు బాగా ఎక్కి ఆటు బాగా దిగుతుంది. అష్టమి నవముల చుట్టూ రెంటి మధ్య తేడా చాలా తగ్గుతుంది. ఈ తీరంలో పెద్ద పోటుకూ పెద్ద ఆటుకూ మధ్య తేడా సుమారు మీటరే. గుజరాత్‌లోని ఖంబాత్ సింధుశాఖలో పది మీటర్ల దాకా లేచే పోటుతో పోలిస్తే ఇది చాలా స్వల్పమే గాని, సరస్సు లోతే మీటరైనప్పుడు అందులో నాలుగో వంతు కూడా చిన్నది కాదు.

చంద్రుడు రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా ఉదయిస్తాడు కనుక పోటు కూడా రోజుకు అంతే వెనక్కు జరుగుతుంది. పాత లెక్కలో ఘడియ అంటే 24 నిమిషాలు, అందువల్ల పోటు రోజుకు రెండు ఘడియలు జరుగుతుందని గుర్తుపెట్టుకుంటే చాలు: ఒక రేవులో అమావాస్యనాడు పోటు ఎన్ని గంటలకు నిండిందో తెలిస్తే పంచమినాటి పోటు అంతకు పది ఘడియలు, అంటే నాలుగు గంటలు వెనకగా వస్తుందని గడియారం అక్కర్లేకుండానే చెప్పవచ్చు. భారత సర్వే సంస్థ ఏటా అచ్చువేసే పోటు పట్టికల్లో చెన్నై రేవు లెక్కలు నిమిషాలతో సహా ఉంటాయి. ఘడియల లెక్కకు, పట్టిక లెక్కకు కొద్దిపాటి తేడా వచ్చినా పడవ కదిలించడానికి అది అడ్డు కాదు.

అయితే చెన్నై పట్టికను తీసుకుని నేరుగా సరస్సులోని ఇరకం దీవి పక్కన పడవ ఎక్కేవారు మోసపోతారు. సముద్రంలో నిండిన నీరు ఇరుకైన మొగగుండా దూరి, పలచటి సరస్సు మీదుగా అడుగు రాపిడిని తట్టుకుంటూ లోపలికి పాకాలి కనుక, మొగకు దూరమయ్యేకొద్దీ పోటు ఆలస్యమవుతుంది, దాని ఎత్తూ తగ్గుతుంది. ఉత్తరపు కొసలో అది ఉన్నట్టే తెలియదు. మొగ ఎంత తెరిచి ఉందన్నదాన్ని బట్టి ఈ ఆలస్యం ఏటేటా మారుతుంది, అందుచేత దానికి పట్టిక ఉండదు. ఊళ్లో వారం రోజులుగా వేటకు వెళ్లి వస్తున్నవాడి నోటి మాటే దానికి ఆధారం.

ఆపైన గాలి ఉంది. లోతైన నీటిలో గాలి అల లేపుతుంది. లోతులేని నీటిలో గాలి నీటినే జరుపుతుంది. పది పదిహేను కిలోమీటర్ల వెడల్పున్న మీటరు లోతు నీటి మీద గట్టిగాలి గంటల తరబడి ఒకే దిక్కునుంచి వీస్తే, గాలి మళ్లిన ఒడ్డున నీరు జానెడు దాకా ఎక్కి, గాలి వచ్చే ఒడ్డున అంతగానూ దిగుతుంది. పళ్లెంలోని నీటిని ఊదినప్పుడు జరిగేది ఇదే. అందుకే ఆటు వేళకు నీరు తగ్గకపోవచ్చు, పోటు వేళకు నిండకపోవచ్చు. పంచాంగానికీ నీటికీ తేడా వచ్చిన ఇలాంటి రోజుల్లో తప్పు చంద్రుడిది కాదు. వేసవిలో మధ్యాహ్నం తిరిగాక సముద్రపు గాలి లేస్తుంది. అప్పుడు పొట్టి పొట్టి అలలు వెంటవెంటనే వచ్చి పడవ పక్కలకు కొడతాయి. ఇటువంటి అల చూడడానికి చిన్నదే అయినా అంచు తక్కువగా ఉన్న పడవలోకి నీరు చిమ్మడంలో సముద్రపు పెద్ద అలకు తీసిపోదు. ఉదయం వెళ్లి పదకొండు లోపల ఒడ్డుకు చేరడం సరస్సు జాలరుల అలవాటుగా మారడానికి చేపతోపాటు ఈ గాలీ కారణమే.

పడవ విషయంలో చెప్పవలసింది కొద్దిగానే ఉంది. అడుగు చదునుగా, బరువు తక్కువగా ఉండి, మూరెడు నీటిలో తేలగలిగినదే ఇక్కడ పడవ. ఇంజను ఉన్నా దాని పంకాను పైకెత్తగలగాలి. చాలాచోట్ల ముందుకు నడిపేది వెదురు గడే. గడ వేసేవాడి చేతిలో అది తెడ్డు, కొలబద్ద, చేతికర్ర మూడూ అవుతుంది: దింపిన ప్రతిసారీ గడ మీద తడి ఎక్కడిదాకా వచ్చిందో కంటితోనూ, కొస ఇసుకకు తగిలిందా బురదలో దిగిందా లేక ఆల్చిప్పల మీద గరగరలాడిందా అన్నది అరచేతితోనూ తెలుసుకుంటూ అతడు దారి మార్చుకుంటూ పోతాడు. ఇసుక అడుగున పడవ ఆగితే దిగి తోయవచ్చు, బురద అడుగున ఆగితే దిగినవాడే ఆగిపోతాడు. కనుచూపు మేర ఒకేలా మెరిసే నీటిలో లోతైన దారులు పాత బకింగ్‌హామ్ కాలువ వెంటా, ఏళ్ల తరబడి నీరు ఒరుసుకుని పోయిన సహజమైన గాళ్ల వెంటా ఉంటాయి. మద్రాసుకు ఒకప్పుడు ఉప్పు, కట్టెలు మోసిన పడవలు తిరిగిన ఆ కాలువకు 1876–78 కరువు కాలపు గవర్నరు పేరు పెట్టారు. సరకుల పడవలు పోయాయి గాని లోతు కొన్నిచోట్ల ఇంకా మిగిలింది. లోతును చెప్పే మరో గుర్తు పక్షులు. శీతకాలంలో వచ్చే రాజహంసలు, అంటే ఫ్లెమింగోలు, కాళ్ల మీద నిలబడి తలకిందులుగా ముక్కు ముంచి మేస్తున్న చోట పడవకు దారి లేదని దూరంనుంచే తెలుసుకోవచ్చు. గూడబాతులు గుంపుగా ఈదుతూ ఒకేసారి ముక్కులు ముంచుతున్న చోట నీరూ ఉంటుంది, చేపా ఉంటుంది.

నీరు తెలిశాక వల. మోకాలి లోతు నీటికి విసురు వలను మించినది లేదు. గుండ్రటి వల అంచు పొడవునా బరువు గుళ్లు కట్టి ఉంటాయి. మధ్య తాడును మణికట్టుకు చుట్టుకుని, వలలో ఒక పాయను భుజం మీద, మరో పాయను చేతిలో ఉంచుకుని నడుము తిప్పి విసిరితే అది గాలిలో గొడుగులా విచ్చుకుని నీటి మీద ఒక్కసారిగా పడుతుంది. లోతైన నీటిలో వల దిగేకొద్దీ గొడుగు ముడుచుకుపోయి చేప పక్కనుంచి తప్పించుకుంటుంది గాని, పలచటి నీటిలో విచ్చుకున్న వల విచ్చుకున్నట్టే క్షణంలో అడుగు తాకుతుంది. రొయ్యలకు వాడేది వేరు: ఆటునీరు పారే దారికి అడ్డంగా కర్రలు పాతి కట్టిన వలలో, చీకటి రాత్రి సముద్రం వైపు కదిలే రొయ్య తానే వచ్చి పడుతుంది. వల కన్ను ఎంత చిన్నదైతే ఆ రాత్రి రాబడి అంత ఎక్కువ, రాబోయే నెలల రాబడి అంత తక్కువ. వలా పడవా లేనివారి వేట కూడా ఒకటుంది. యానాదులు, తమిళనాడు వైపు ఇరుళర్లు నడుములోతు నీటిలో కూర్చుని, అడుగు బురదను రెండు అరచేతులతో తడుముతూ దొరికిన రొయ్యను నోటికి కరిపించిన తాటాకు బుట్టలోనో మెడకు వేలాడే సంచిలోనో వేసుకుంటూ గంటల తరబడి జరుగుతారు. సరస్సు అడుగును గడ వేసేవాడికంటే దగ్గరగా ఎరిగినవారు వీరే. లెక్కల్లోకి తక్కువగా ఎక్కేదీ వీరి వేటే.

గాలంతో వచ్చే బయటివారికి ఈ సరస్సు తేలికగా లొంగదు. నీటి మీదికి ఎగిరి ఎగిరి పడుతూ ఆశ పెట్టే కొయ్యంగి, బురద మీది నాచును గీరుకుని తినే చేప, రొయ్య ఎరను అది పెద్దగా పట్టించుకోదు. గాలానికి సరైన చేప పండుగప్ప. కర్రల గుంపులు, వంతెన కానాలు, కాలువ మలుపులు వంటి నీడల్లో పొంచి ఉండి, నీరు తిరగబడే వేళ కొట్టుకొచ్చే చిన్న చేపలను అది ఒక్క గుటకలో మింగుతుంది. పట్టుబడ్డాక దాని మొప్పల మూతను వట్టి చేత్తో పట్టుకుంటే ఆ అంచు కత్తిలా తెగుతుంది. గాలానికి తరచు తగిలే జెల్లకు వీపు మీదా రెండు పక్కలా విషపు ముళ్లు ఉంటాయి. నీటిలో దిగి నడిచేటప్పుడు కాలెత్తి వేయకుండా అడుగున ఈడ్చుకుంటూ పోవాలి, అప్పుడే ఇసుకలో కప్పుకుని పడుకున్న టేకుచేప అలికిడికి తప్పుకుంటుంది. తొక్కితే తోక ముల్లు దిగుతుంది. అటువంటి పోటుకు తట్టుకోగలిగినంత వేడినీటిలో కాలు ఉంచడం నొప్పిని తగ్గిస్తుంది, ఆపైన వైద్యుడి దగ్గరికి వెళ్లాలి.

ఇంత లెక్కా కుదిరిన తర్వాత కూడా వేటకు ఒక ప్రశ్న మిగులుతుంది: ఆ నీరు ఆ రోజు ఎవరిది? సరస్సు బయటివాడి కంటికి హద్దుల్లేని బయలుగా కనిపిస్తుంది గాని, చేప దొరికే ప్రతి చోటుకూ వంతు ఉంది. దక్షిణపు కొసలోని తమిళ మత్స్యకార గ్రామాల్లో తరతరాలుగా పాడు అనే పద్ధతి నడుస్తోంది. తెలుగు చెవికి అపశకునంగా వినిపించే ఈ మాటకు అక్కడ అర్థం వేట చోటు, దాని మీది హక్కు: కట్టువలలు వేసే మంచి చోట్లను గుర్తించి, చీట్లు వేసి, ఏ రోజు ఏ చోట ఎవరు వల కట్టాలో వంతులవారీగా పంచుకుంటారు, అందువల్ల మంచి చోటు ఎప్పటికీ ఒక్కడిదే కాదు, చెడ్డ చోటూ ఎప్పటికీ ఒక్కడిదే కాదు. ఈ ఏర్పాటును ఆదర్శంగా పొగిడేవారు ఒక సంగతి మరిచిపోతారు. చీటీలో పేరు ఉండాలంటే ఆ కులంలో, ఆ ఊళ్లో పుట్టి ఉండాలి, చీటీ బయట ఉన్నవారి మాటేమిటన్న ప్రశ్న నుంచే అనేక తగాదాలు పుట్టాయి. తెలుగు తీరగ్రామాల్లో ఊరి పెద్దల కట్టుబాటు ఉంటుంది, వారు వేసే ఆజ్ఞను దురాయి అంటారు. దురాయి ఉన్న రోజు పోటు ఎంత బాగున్నా నావ కదలదు.

చట్టం వేసే హద్దు మరొకటి. ఆంధ్ర వైపు సరస్సు 1976 నుంచి పక్షుల అభయారణ్యం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలోనుంచి అనుమతి లేకుండా ఏ ప్రాణినీ పట్టుకుపోకూడదు, ఆ చట్టం దృష్టిలో చేపా ప్రాణే. తరతరాల జీవనాధారంగా స్థానిక మత్స్యకారులు చేసే వేట వేరు, సరదాకు వచ్చినవారు వేసే గాలం వేరు. కాబట్టి సందర్శకులు అటవీ శాఖను ముందుగా అడిగి, అభయారణ్యపు హద్దు ఎక్కడిదాకా ఉందో తెలుసుకోవాలి. హద్దు వెలుపలి ఉప్పుటేళ్లలో కూడా ఊరివారి మాట తీసుకోవాలి. శ్రీహరికోట వైపు భద్రతా ఆంక్షలు ఎప్పుడూ ఉంటాయి, రాకెట్ ప్రయోగం ఉన్న రోజుల్లో అవి మరింత బిగుస్తాయి. తడ దగ్గరి భీమునివారిపాలెంలో పడవ ఎక్కి, నీటిని, పక్షులను, వలలు వేసేవారిని చూసి రావడం అనుమతుల చిక్కు తక్కువగా ఉండే మార్గం. పట్టేది తక్కువైనా చూసేది ఎక్కువ.

లోతు లేదన్న ధీమాయే ఈ నీటిలో అన్నిటికంటే పెద్ద ప్రమాదం. 2011 డిసెంబరు 25న పళవేర్కాడు దగ్గర విహారానికి వెళ్లిన పడవ మునిగి 22 మంది చనిపోయారు. సరస్సంతా మనిషి నిలబడగల లోతే అన్నది సగటు లెక్క. మొగ దగ్గర, కాలువల్లో ఆ లెక్క పనిచేయదు, పైగా అక్కడ ఆటునీరు సముద్రం వైపు వడిగా లాగుతుంది. పడవలోని ప్రతి మనిషికీ ప్రాణరక్షక కవచం ఉండాలి, అది ఒంటి మీద ఉండాలి, పలక కింద కాదు. వాతావరణ శాఖ తుపాను హెచ్చరికలు, సముద్రపు అలల సమాచారం చూసుకోవాలి. హైదరాబాద్‌లో 1999లో ఏర్పడిన ఇన్‌కాయిస్, అంటే భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం, ఉపగ్రహాలు పంపే నీటి రంగు, ఉష్ణోగ్రతల ఆధారంగా చేపలు గుమిగూడే చోట్లను తెలుగులో కూడా సూచిస్తుంది. ఆ సూచనలు సముద్రానికి ఉద్దేశించినవి, బురద కలిసిన పలచటి సరస్సు నీటికి అవి వర్తించవు. అలల హెచ్చరిక మాత్రం మొగ వైపు వెళ్లే ప్రతివారికీ అవసరమే. వీటన్నిటికంటే మామూలు వస్తువు తాగునీరు. చుట్టూ వందల చదరపు కిలోమీటర్ల నీరున్నా మనిషి తాగగలిగింది పడవలో పెట్టుకుపోయిందే.

దొరికిన దాన్ని ఒడ్డు చేర్చడం కూడా ప్రణాళికలో భాగమే. మండపీతను నీటిలోనుంచి తీసిన వెంటనే వెనకనుంచి పట్టి, వేలిని నుజ్జు చేయగల రెండు పెద్ద డెక్కలను తాడుతో ఒంటికి బిగించి కట్టాలి, అప్పుడు తడి గోనె కింద అది ఒక రోజు పైగా బతుకుతుంది. కొనేవాడు దాని పొట్ట వైపు పెంకును బొటనవేలితో నొక్కి చూస్తాడు. పీత ఎదగడానికి పాత పెంకును విడిచి పెద్ద పెంకు తొడుక్కుంటుంది. కొత్తగా పెంకు మార్చినది పైకి పెద్దదిగా కనిపించినా లోపల కండకు బదులు నీరే ఉంటుంది, నొక్కితే లొంగుతుంది, ధర పడిపోతుంది. అటువంటి దాన్నీ, పొట్ట కింద గుడ్ల ముద్ద ఉన్న ఆడ పీతనూ నీటిలోకే వదిలేయడం మంచిది, ఎందుకంటే మొదటిది నెల తిరక్కుండా నిండుతుంది, రెండోది మొగ దాటితే వేలూ లక్షలూ అవుతుంది. చేపకు ఇంత ఓపిక లేదు. మన ఎండలో చచ్చిన చేప కొన్ని గంటల్లోనే మెత్తబడుతుంది కనుక చేప బరువెంతో ఐసు బరువూ అంత ఉండాలన్నది తీరప్రాంతపు లెక్క. ఇరవై కిలోల చేప ఆశించి బయలుదేరే పడవ ఇరవై కిలోల ఐసుతో మొదటే బరువెక్కి నీటిలో మరికొంత దిగుతుంది. అంటే ఆశ పెరిగేకొద్దీ పడవకు కావలసిన లోతూ పెరుగుతుంది.

అందుచేత తిరుగు ప్రయాణపు వేళను ముందే నిర్ణయించుకుంటారు. నీరు తీయడం మొదలయ్యాక మొదటి గంటలో పెద్దగా తగ్గదు, మూడో గంటా నాలుగో గంటా అన్నిటికంటే వేగంగా తగ్గుతుంది. కాబట్టి మొదటి గంటలో వల బాగా పడుతోందని ఆగిన పడవ రెండో గంట దాటేసరికి దారిలో ఉండాలి. లేకపోతే అది బురద మీద కూర్చుని, ఎండ కింద, మళ్లీ పోటు వచ్చేదాకా అక్కడే ఉంటుంది. ఒడ్డు చేరిన చేపను రకాలవారీగా వేరు చేసి, తూచి, వేలం ముగించుకుని, వల ఆరవేసి, చిరిగిన కన్నులు అల్లుకుని, ఐసు పెట్టెను బోర్లించి పడుకున్నవారు మర్నాడు లేచేది అదే వేళకు కాదు, రెండు ఘడియలు వెనకగా.